దసరా ఆఫర్‌కి సైటు పడిపోయింది!

ప్రశ్న: మాది చేనేత చీరల షాపు, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతాం. షాపులో ఉన్న కంప్యూటరే మా సర్వర్. మొన్న దసరాకి ఆఫర్ పెట్టామో లేదో సైటు పడిపోయింది. క్లౌడ్‌కి మారమంటున్నారు, నిజంగా అవసరమా అండీ?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: అవసరమేనండీ. ఇంట్లో పెళ్లని ఎవరూ వంద కుర్చీలు, పెద్ద గుండిగలు కొనిపెట్టుకోరు కదా, టెంట్‌హౌస్ నుంచి అద్దెకు తెచ్చుకుంటారు. క్లౌడ్ కూడా అంతే, పెద్ద కంపెనీల సర్వర్లను (సైటును నడిపే కంప్యూటర్లను) ఇంటర్నెట్‌లోనే అద్దెకు తీసుకోవడం. పండగ వారం నాలుగు సర్వర్లు, తర్వాత ఒక్కటి, వాడుకున్నంతకే బిల్లు. నెట్‌ఫ్లిక్స్ అంతటి కంపెనీకే 2008లో డేటాబేస్ (సమాచారమంతా దాచుకునే చోటు) పాడై, అప్పట్లో కస్టమర్లకి పోస్టులో పంపే సినిమా డీవీడీలు మూడు రోజులు ఆగిపోయాయి. ఆ దెబ్బతోనే అమెజాన్ క్లౌడ్‌కి మారడం మొదలుపెట్టి, 2016కి గానీ పూర్తి చేయలేకపోయింది. మీకు అంత పని ఉండదు లెండి. పైగా 2022 నుంచి అమెజాన్ డేటా సెంటర్లు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. పండగ అయ్యాక అదనపు సర్వర్లు ఆపడం మర్చిపోతే ఆటో మీటర్‌లా బిల్లు తిరుగుతూనే ఉంటుంది, అసలు టెన్షన్ అదే. బిల్లు మీరు అనుకున్న మొత్తం దాటితే మెసేజ్ వచ్చేలా మొదటి రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టించండి. ఇంకో మాట, ఆర్డర్ల బ్యాకప్ ఒకటి మీ దగ్గర కూడా ఉంచుకోండి.