సూపర్ మార్కెట్ స్టాఫ్‌లో ఎవరికి ఏ ఫుడ్ సేఫ్టీ శిక్షణ కావాలో ఎలా తెలుస్తుంది?

మీ సూపర్ మార్కెట్‌లో ఇరవై మంది దాకా ఉన్నారు, అందరికీ కలిపి ఒకరోజు క్లాసు చెప్పిస్తే సరిపోతుందా, లేక ఎవరికేం తెలియదో ముందు చూసుకోవాలా అని అడిగారు. ముందు చూసుకోండి. నేను గుంటూరులో ఒక సూపర్ మార్కెట్‌కి చాలా ఏళ్లు స్టోర్ మేనేజరుగా చేశాను. క్లాసులో అందరూ తలాడిస్తారండి. ఎవరికేం తెలియదో ర్యాకుల దగ్గర, గోడౌన్‌లో, సరుకు దిగేటప్పుడు బయటపడుతుంది.

పొద్దున్నే పాల బండి వచ్చే వేళకి వెళ్లి, ఏమీ అనకుండా నిలబడండి. పెరుగు, పనీర్, దోసెల పిండి ట్రేలు షట్టరు దగ్గర ఎంతసేపు ఉండిపోయాయో గమనించండి. అవి 5 డిగ్రీలు దాటకుండా ఉండాల్సిన సరుకు. మన ఎండాకాలంలో కాసేపు బయటుంటే చాలు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టినా గడువు దాకా నిలుస్తాయన్న నమ్మకం ఉండదు. ఇప్పుడు దించిన అబ్బాయిని పక్కకి పిలిచి, ఇవి ముందు లోపలికి పోవాలని తెలుసా అని నెమ్మదిగా అడగండి. తెలియదంటే అతనికి నేర్పాలి. "తెలుసు సార్, కానీ బిల్లు సరిచూసే అన్న వచ్చేదాకా కదిలించొద్దన్నారు" అంటే మార్చాల్సింది ఆ అన్న డ్యూటీ టైము. ఎవరైనా చేతులు కడుక్కోకపోతే ముందు సింకు దగ్గర సబ్బుందో లేదో చూడండి. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిపూట ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ ఆపేయమని యాజమాన్యమే చెబుతుంటే, ఐస్‌క్రీమ్ మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలని కుర్రాడికి ఎంత చెప్పి ఏం లాభం? తెలియక చేసేదీ, తెలిసినా వీల్లేక చేసేదీ విడదీస్తే మీ శిక్షణ జాబితా చాలా చిన్నదైపోతుంది.

రాతపరీక్ష మాత్రం పెట్టకండి. పప్పులు, పల్లీలు ఏరి ప్యాక్ చేసే అక్కల్లో చాలామంది పెద్దగా చదువుకోలేదు, కానీ గుప్పెట్లోకి తీసుకుని చూసి సరుకు మంచిచెడ్డలు చెప్పేస్తారు. వాళ్లని అడగాల్సింది, బూజు పట్టిన పల్లీలు ఏం చేస్తారని. "ఎండబెట్టి కలిపేస్తాం" అన్నారా, అక్కడ నేర్పాలి. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, ఎండబెట్టినా వేయించినా పూర్తిగా పోదు. ర్యాకులు సర్దేవాళ్లకైతే కొన్ని ప్యాకెట్లు బల్ల మీద పెట్టి, ఏవి అమ్మొచ్చో ఏవి తీసేయాలో ఒక్కొక్కరినీ విడిగా అడగండి. గడువు తేదీ నేరుగా ఉంటే అందరూ చెబుతారు. "ప్యాక్ చేసిన రోజు నుంచి ఇన్ని నెలలు" అని ఉన్నచోట లెక్క తప్పుతారు. బిల్లింగ్ అమ్మాయిలనీ వదలకండి. కస్టమర్ వద్దని కౌంటర్ దగ్గర వదిలేసిన పనీర్ ఎవరు, ఎప్పుడు తీసి ఫ్రిజ్‌లో పెడతారో చాలా షాపుల్లో ఎవరికీ తెలియదు.

గోడౌన్‌లో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న: బియ్యానికి, పప్పుకి పురుగు పడితే ఏం చేస్తారు? "బస్తాల మధ్య బిళ్లలు పెడతాం" అంటే ఆ క్షణమే ఆపించండి, క్లాసు దాకా ఆగొద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలకి గాలిలో తేమ తగిలినా ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. మూసిన గదిలో మనుషుల ప్రాణాలు పోతాయి. వాటిని వాడాల్సింది అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లే. ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

చట్టం అడిగేది వేరే ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇచ్చే లైసెన్సు ఉన్న వ్యాపారంలో ఆహారం ముట్టుకునే ప్రతి 25 మందికి ఒకరు ఫోస్టాక్ (ఆ సంస్థ పెట్టిన ఫుడ్ సేఫ్టీ శిక్షణ) పొందిన సూపర్‌వైజర్ ఉండాలి. ఆహారం ముట్టుకునేవాళ్లకి ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ లాంటి జబ్బులకి టీకా కూడా తప్పనిసరి. ఫోస్టాక్‌కి రోజూ ఫ్లోర్ మీద తిరిగే మనిషినే పంపండి. ఆఫీసు గదిలో కూర్చునేవారిని పంపితే గోడకి సర్టిఫికెట్ వస్తుంది, అంతే.

దసరాకి, సంక్రాంతికి తీసుకునే తాత్కాలిక కుర్రాళ్లని కూడా లెక్కలో వేసుకోండి. రద్దీలో వాళ్లకి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు, అందుకే విడి సరుకు, ఫ్రిజ్ సరుకు వాళ్ల చేతికివ్వకుండా బిస్కెట్లు, సబ్బుల ర్యాకులకి పెట్టండి.