ఆ కన్నీళ్లు చెరిపేసి మళ్లీ వెయ్యి

హనుమకొండ

కోడలు బిడ్డా,

నువ్వు ఫోన్లో పంపిన బొమ్మ చూశాను. ఎనుమాముల మిర్చి యార్డు, బస్తాలు, కాంటా, పక్కనే తలకు రుమాలు చుట్టుకున్న రైతు. నీ చెయ్యి బాగానే తిరిగింది, బస్తా మడతలు కూడా వదల్లేదు. కానీ రైతు బాధ తెలియాలని చెంప మీద రెండు కన్నీటి చుక్కలు పెట్టావు చూడు, బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఎక్స్‌ప్రెషనిస్ట్ పద్ధతిలో, అంటే కంటికి కనిపించింది కాక లోపలి భావాన్ని చూపించే పద్ధతిలో, వేశానని రాశావు. ఆ పద్ధతిలో ముఖానికి పని తక్కువ. బరువంతా రంగు మీద, గీత మీద పడుతుంది.

నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ 1893లో అట్ట మీద వేసిన 'ది స్క్రీమ్' (అరుపు) నువ్వు చూసే ఉంటావు. ఈసారి ఆ ముఖాన్ని బొటనవేలితో మూసి చూడు. భయం ఏమీ తగ్గదు. ఆకాశం ఎరుపు, నారింజ పట్టీలుగా మెలికలు తిరుగుతుంటుంది. కింద నీళ్లదీ అదే మెలిక. వంతెన కటకటాలు మాత్రం బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా, ఏటవాలుగా మన మీదికి దూసుకొస్తాయి. ఆ వంతెన మీద దూరంగా ఇద్దరు స్నేహితులు నిటారుగా నడిచిపోతున్నారు, వాళ్లకేమీ కాలేదు. ముందున్న మనిషి ఒళ్లు ఒక్కటే ఆకాశంతో పాటు వంకర తిరిగింది. పక్కన మనుషులుండీ ఒంటరి కావడం ఎట్లా ఉంటుందో ఆ రెండు రకాల గీతలే చెప్పేశాయి. అన్నట్టు, ఆ మనిషే అరుస్తున్నాడని చాలామంది అనుకుంటారు. మంక్ రాసుకున్నదాన్ని బట్టి ఆ అరుపు ప్రకృతిలోంచి వచ్చింది. ఇతను చెవులు మూసుకున్నాడు.

ఇక రంగు. నీ బొమ్మలో ఎరుపు చాలా పోశావు, అయినా మంట లేదు. మన చపాట మిర్చి తెలుసు కదా, చూస్తే నిగనిగలాడే ఎరుపు, కొరికితే ఘాటు తక్కువ. సన్నటి తేజ రకం కళ్లల్లో నీళ్లు తెప్పిస్తుంది. రంగు సంగతీ అంతే, ఎంత పోశామన్నది కాదు, పక్కన ఏం పెట్టామన్నదే ఘాటు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో రాత్రంతా తెరిచి ఉండే ఒక కేఫ్‌ను వేశాడు. ఆయన ఈ ఎక్స్‌ప్రెషనిస్టులకు ముందువాడు, కానీ వాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నది తక్కువేం కాదు. గోడలు ఎరుపు, పైకప్పు ఆకుపచ్చ, మధ్యలో బిలియర్డ్స్ బల్ల ఆకుపచ్చ, నేల పసుపు. మనుషుల్లో ఉండే భయంకరమైన ఆవేశాలను ఎరుపుతో, ఆకుపచ్చతో చెప్పాలని చూశానని తమ్ముడు థియోకు ఉత్తరం రాశాడు. ఆ బొమ్మలో కొట్లాట లేదు, ఏడుపు లేదు. కొందరు బల్లల మీద వాలిపోయి ఉన్నారు, అంతే. కానీ ఆ గదిలో కాసేపు కూడా కూర్చోబుద్ధి కాదు.

నువ్వేమో ఎరుపు పక్కన గోధుమ రంగు బస్తాలు, వాటి పక్కన నారింజ మట్టి పెట్టావు. అన్నీ ఒకదానికొకటి చుట్టాలే, ఇక గొడవెక్కడిది? బస్తాల నీడల్లో ఆకుపచ్చ పెట్టి చూడు. రైతు మెడ దగ్గర, చేతి కింద కూడా పెట్టు. రెండూ తడిగా ఉన్నప్పుడు కలిపితే మట్టి రంగు అవుతుంది, కాబట్టి ఎరుపు ఆరిన తర్వాతే వెయ్యి. వేశాక ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి చూడు. ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగులో కనిపిస్తే, అసలు బొమ్మలో ఆ రెండూ కలిసే అంచు కంటికి అదిరినట్టుంటుంది. నీకు టెన్షన్ ఎక్కడ కావాలో అక్కడ మాత్రమే ఆ అదురు ఉంచు. బొమ్మంతా అదిరితే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఏ రంగుకు ఏ భావం అని పట్టిక రాసుకుని మాత్రం కూర్చోకు. నీలిగుర్రాలు వేసిన జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ అట్లాంటి లెక్క ఒకటి పెట్టుకున్నాడు. నీలం మగతనం, ఆత్మ; పసుపు ఆడతనం, సంతోషం; ఎరుపు బరువైన పదార్థం. ఆ లెక్క ఆయన బొమ్మల్లో బాగానే నడిచింది. కుంకుమను, తంగేడు పూల బతుకమ్మను చూస్తూ పెరిగినదానివి, నీకు ఆ లెక్క ఎందుకు? చేర్యాల పటాలనే తీసుకో. పెళ్లయినా యుద్ధమైనా వెనక నేపథ్యం ఎరుపే. అక్కడ ఎరుపు బొమ్మలను విడదీసి చూపిస్తుంది, ఏడిపించే పని పటం ముందు నిలబడి కథ చెప్పేవాళ్ల గొంతుది. నీ బొమ్మ ముందు నిలబడి ఎవరూ పాడరు కాబట్టి నీ ఎరుపు ఆ పని కూడా తానే చెయ్యాలి.

గీత విషయంలో నీది మరీ మంచితనం, అన్నీ గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు 'డీ బ్రూకె' (వంతెన) అని ఒక ఎక్స్‌ప్రెషనిస్ట్ బృందం పెట్టారు. వాళ్లలో కిర్హ్‌నర్ ఒకడు. వాళ్లు చెక్కను చెక్కి అచ్చులు కూడా తీసేవాళ్లు. ఉలి చెక్కలో సాఫీగా వంపు తిరగదు, కోణాలుగా తెగుతుంది. కిర్హ్‌నర్ 1913 ప్రాంతంలో వేసిన బెర్లిన్ వీధుల బొమ్మల్లో ఆ కోణాలే కనిపిస్తాయి. టోపీలు, బూట్లు, ముఖాలు అన్నీ మొనదేలి ఉంటాయి. మనుషులు ఒకరినొకరు రాసుకుంటూ నడుస్తున్నా ఎవరికీ ఎవరూ పట్టరు.

ఇప్పుడు నీ కన్నీటి చుక్కల సంగతికొస్తాను. జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్జ్ కొడుకు పీటర్ 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. తర్వాత ఆమె యుద్ధం మీద చెక్క అచ్చుల వరుస ఒకటి చేసింది. అందులో 'తల్లిదండ్రులు' అనే బొమ్మను తప్పకుండా చూడు. మోకాళ్ల మీద కూలిపోయిన ఇద్దరు ఒక్క నల్లటి ముద్దగా కనిపిస్తారు. తండ్రి చేత్తో ముఖం కప్పుకున్నాడు, తల్లి ముఖం కనిపించనే కనిపించదు. రంగు లేదు, కన్నీరు లేదు. వంగిన వీపుల బరువు, గీసుకుపోయినట్టున్న తెల్ల గీతలు, అంతే. నాకు ఈ ఎక్స్‌ప్రెషనిస్ట్ ఉద్యమం మొత్తంలో ఆమెను మించినవాళ్లు కనిపించరు.

నీ రైతు ముఖం కూడా తిప్పెయ్యి, లేదా రుమాలు కిందికి లాగు. పొద్దున్నే యార్డుకు పోయి బొగ్గుముక్కతో కాంటా దగ్గర చేతులు మాత్రమే గీయి. బొగ్గును కొసన పట్టుకో, మణికట్టుతో కాకుండా భుజంతో లాగు. ధర వినకముందు ఆ చేతులు ఎట్లా ఉంటాయి, విన్నాక ఎట్లా ఉంటాయి, రెండూ గీయి. కాంటా, బస్తాల వరుస తిన్నటి గీతలతో ఉండనీ, మనిషిని మాత్రం వంచు. ముక్కుకు గుడ్డ కట్టుకో, దగ్గుతో చెయ్యి కదిలిపోతుంది.

ఇంట్లో ఎవరైనా ఇవి పిచ్చిగీతలని నవ్వితే పట్టించుకోకు. 1937లో నాజీలు మ్యూనిక్‌లో ఇట్లాంటి బొమ్మలను వెక్కిరించడానికే ఒక ప్రదర్శన పెట్టారు. 'ది స్క్రీమ్' మీదనైతే పిచ్చివాడు మాత్రమే వేయగలడని సన్నగా పెన్సిల్‌తో రాసి ఉంది, ఆ రాత మంక్‌దేనని 2021లో తేలింది.

చేతుల బొమ్మలు ముందు పంపు. రంగులు ఆ తర్వాత కొందువు. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ