అన్నం పెట్టే ముందు పద్దు పుస్తకం కొను

రాజమండ్రి

చిరంజీవి చిన్నాకు,
పెదనాన్న దీవెనలు.

అమలాపురం ఆసుపత్రి దగ్గర, రోగుల వెంట వచ్చినవాళ్లకు రోజూ మధ్యాహ్నం ఉచితంగా భోజనం పెట్టబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అప్పటి నుంచీ మీ పెద్దమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ కబురే చెబుతోంది. నాకూ గర్వంగానే ఉందిరా. కానీ రాత్రంతా ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెబితే "అలాగే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు.

మామూలు విషయాలు నీకు తెలిసే ఉంటాయి. సూపరింటెండెంటు గారి అనుమతి కాగితం మీద తీసుకో. ఉచితంగా పెట్టినా ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించాలి, 2006 చట్టం లాభం ఉందా లేదా అని చూడదు. మిగిలిన అన్నం సాయంత్రానికి దాచొద్దు. రోగులకు మాత్రం పెట్టకు, వాళ్ల పథ్యం సంగతి డాక్టర్లు చూసుకుంటారు.

మన కోనసీమలో అన్నదానం అంటే ఎవరికైనా డొక్కా సీతమ్మ గారే గుర్తొస్తారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చి, 1909లో కన్నుమూసేదాకా ఆకలన్నవాడికి వేళాపాళా చూడకుండా వండి పెట్టిన తల్లి. వైనతేయ నది మీద కాలువ నీళ్లు దాటించే గన్నవరం అక్విడక్టుకు ఆవిడ పేరే పెట్టారు. నువ్వూ ఆవిడ ఫోటో పెట్టి మొదలుపెడతావట. మంచిది. కానీ ఒక్క తేడా ఉంది. ఆవిడ తన గాదెలో ధాన్యం తీసి పెట్టారు. నువ్వు వాట్సాప్‌లో పదిమందినీ చందాలు అడుగుతున్నావు. పదిమంది డబ్బుతో పెట్టే అన్నానికి లెక్క చెప్పాలి. నా భయమంతా అక్కడే.

అంబాజీపేటలో నేను గుమాస్తాగా చేరిన కొబ్బరి కొట్టు షావుకారు గారి సంగతి మీ నాన్న నీకు చెప్పి ఉండడు. ఆయనంత మంచి మనిషిని నేను మళ్లీ చూడలేదు. బడి తెరిచే రోజుల్లో పిల్లలకు పుస్తకాలు, పేదింట్లో పెళ్లయితే బియ్యం, దిక్కులేని ముసలివాళ్లకు నెలనెలా కొంత డబ్బు, సత్రంలో భోజనాలు. సరుకు ఎగుమతి చేసిన ప్రతిసారీ బిల్లులో కొంత 'ధర్మం' అని పక్కన తీసేవారు. మన వ్యాపారాల్లో అది పాత అలవాటే. ఆయన్ని చూసి మార్కెట్లో మిగతా వర్తకులు కూడా తెచ్చి ఇచ్చేవారు. ఆ సొమ్మంతా కొట్టు పద్దు పుస్తకంలోనే 'ధర్మం ఖాతా' అని ఒక పేజీలో రాసేవాళ్లం. డబ్బు మాత్రం కొట్టు డబ్బుతో కలిసే ఉండేది. పై ఊళ్ల పార్టీల నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే ధర్మం డబ్బుతోనే రైతులకు కట్టేసేవారు, వచ్చాక సర్దేసేవారు. ఏళ్ల తరబడి పైసా తేడా రాలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, ఆయనకు కూడా.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. నువ్వు అప్పటికి చంటిపిల్లాడివి. తెల్లారి చూస్తే తోటలకు తోటలు నేలమట్టం. షావుకారు గారు గోడౌన్ తలుపులు తీయించి, ఉన్న బియ్యమంతా వండించారు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పెట్టారు. అప్పుడు ఆయన పక్కన నిలబడి వడ్డించాను, అది నా అదృష్టం. కానీ దింపుల మీద, అంటే చెట్ల నుంచి దింపబోయే కాయల మీద, రైతులకు ఆయన ఇచ్చిన అడ్వాన్సులు ఎక్కడి నుంచి వస్తాయి? చెట్టే పోయింది. కొత్త మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. రైతును అడగడానికి ఆయనకు నోరు రాలేదు. బ్యాంకు వడ్డీ మాత్రం ఆగలేదు. ఆ బెంగతోనే పోయారు.

అప్పుడు బయటపడింది. కొట్టు పేరున ఉన్నదంతా అప్పులకే పోయింది. పుస్తకంలో వేరే పేజీ ఉందంటే ఎవరు వింటారు? డబ్బు ఉన్నది ఒకే ఖాతాలో. చందాలిచ్చినవాళ్లు వచ్చి అడిగారు. ఎవరి చేత్తో అన్నం తిన్నారో ఆయన్నే "ధర్మం డబ్బు తినేశాడు" అన్నారు కొందరు. ఆ ఇల్లాలు నన్ను పిలిచి, "లెక్క ఉంది కదా బాబూ, వాళ్లకి చూపించు" అన్నారు. చూపించాను. లెక్క సరిగ్గానే ఉంది, డబ్బే లేదు. ఆవిడ గాజులు అమ్మి ముసలివాళ్లకు నెల డబ్బు కొన్నాళ్లు ఇచ్చారు. తర్వాత అదీ ఆగింది, సత్రమూ మూతపడింది. ధర్మం డబ్బు తినేశాడన్న ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది చిన్నా. అలాంటి మాట నీ మీద పడితే నేను తట్టుకోలేను.

నీ కొట్టు కౌంటర్ మీద ఉన్న క్యూఆర్ కోడ్‌కే చందాలు పంపమన్నావట. ఈ ఉత్తరం చదవగానే అది ఆపు. నీకు బుద్ధి ఉందా అని అరవాలనిపించింది, నీ మంచితనం తెలుసు కాబట్టి ఊరుకున్నాను. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ట్రస్టు డీడు రిజిస్టర్ చేయించు. సొసైటీ అయితే 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏదైనా సరే, దానికి వేరే పాన్, వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి, అందులో ఒకటి మన ఇంటివాళ్లది కాకూడదు. మీ నాన్న నొచ్చుకుంటాడు, నేను మాట్లాడతాను. పన్ను మినహాయింపు వస్తుందని ఎవరికీ ముందే మాట ఇవ్వకు. అందరూ 80జి అనే ఆదాయపు పన్ను శాఖ ఆమోదం విడిగా తెచ్చుకోవాలి. వచ్చినా, 2000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు.

ఇంకొకటి. కొబ్బరికాయ ధర బాగున్నప్పుడు వేసుకున్న లెక్క, ధర పడిపోయినప్పుడు నిలవదు. ఆరు నెలల ఖర్చు ఖాతాలో పడ్డాకే పొయ్యి వెలిగించు. రోజూ కుదరకపోతే వారానికి రెండు రోజులే పెట్టు. పెడతానన్న రోజు మాత్రం మానకు. లంకల్లోంచి రేవు దాటి వచ్చేవాడు నీ అన్నాన్ని నమ్ముకుని ఛార్జీ డబ్బులతోనే బయలుదేరతాడు. తినేవాళ్ల ఫోటోలు తీయొద్దు. భార్యకు పురుడని వచ్చినవాడు, తండ్రికి బాగోలేక వచ్చినవాడు చెయ్యి చాపిన బొమ్మ ఊరంతా తిరగకూడదు. చందాలిచ్చినవాళ్లకు ఫోటోలు కాదు, నెలనెలా లెక్క పంపు.

కోడలమ్మాయిని అడిగావా? మా ఇంట్లో నేను ఊరికి చేసిన సేవలో సగం చాకిరీ మీ పెద్దమ్మే చేసింది. పండక్కి కూడా నేను ఇంట్లో లేని ఏళ్లున్నాయి. నీ కూతురు చిన్నది. ఆదివారం పూట వడ్డన వేరేవాళ్లకు అప్పగించి ఇంట్లో ఉండు. ఎండలో తిరిగేటప్పుడు బీపీ మాత్ర మరిచిపోకు.

మొదటి నెల బియ్యం నావి. ఖాతా తెరిచాక నంబరు పంపు, అంతవరకూ రూపాయి కూడా పంపను. పంపినదానికి నంబరు వేసిన రసీదు నా పేరున రాసి పోస్టులో పంపించు. పెదనాన్నకు రసీదెందుకులే అనుకోకు.

ఇట్లు,
మీ పెదనాన్న