రహస్య సంఘమా, రహస్యాలున్న సంఘమా?

సందేహం: ఫ్రీమేసన్లను (సోదరభావం, నీతి, దానధర్మాలు ఆదర్శంగా చెప్పుకునే సంఘం వాళ్లను; క్లుప్తంగా మేసన్లు) ఒకచోట ‘రహస్య సంఘం’ అనీ, ఇంకోచోట ‘గుప్త సమాజం’, ‘గోప్య సంస్థ’ అనీ రాస్తున్నారు. ఏది సరి? వాళ్ల మీద జనానికి ఉన్నవి సందేహాలనాలా, అనుమానాలనాలా?

సమాధానం: ముందు సమాసాన్ని విప్పి చూడండి. ‘రహస్య సంఘం’ అంటే రహస్యమైన సంఘం. విశేషణ పూర్వపద కర్మధారయం, అంటే ముందున్న విశేషణం వెనకున్న నామాన్ని వర్ణించే సమాసం. ఇక్కడ దాచింది సంఘాన్నే. 1902లో కలకత్తాలో పుట్టిన అనుశీలన సమితికి ఈ మాట సరిగ్గా సరిపోతుంది: పైకి వ్యాయామశాల, లోపల విప్లవ బృందం. ఫ్రీమేసన్లకు సరిపోదు. లండన్‌లో 1717లో గ్రాండ్ లాడ్జి (లాడ్జీలనే స్థానిక శాఖలకు పైసంస్థ) ఏర్పడిన సంగతి అందరికీ తెలిసిందే. హైదరాబాదులో వాళ్లు కలుసుకునే గోషామహల్ బారాదరి కూడా దాగిన చోటు కాదు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం 1799 నాటి బ్రిటిష్ చట్టం. ప్రమాణాలు చేయించే సంఘాలను నిషేధిస్తూనే, ఏటా సభ్యుల జాబితా అధికారికి ఇవ్వాలన్న షరతు మీద మేసన్ల లాడ్జీలను అది మినహాయించింది. పేర్లు సర్కారుకు రాసిచ్చిన సంఘాన్ని రహస్య సంఘం అనలేం.

వాళ్లు దాచేవి కొన్ని ఉన్నాయి: ఒకరినొకరు గుర్తుపట్టే సైగలు, చేయి కలిపే తీరు, సంకేతపదాలు, దీక్ష తంతు. (ఇవీ 1730లోనే శామ్యూల్ ప్రిచర్డ్ చేతుల మీదుగా అచ్చులోకి వచ్చేశాయి.) కాబట్టి ‘రహస్యాలున్న సంఘం’ అని విడదీసి రాయడమే మేలు. మాట రెండక్షరాలు పెరిగినా నింద తగ్గుతుంది.

‘రహస్యం’ దానంతట అది చెడ్డమాట కాదు. రహస్య ఓటింగ్ అంటాం, శ్రీవైష్ణవులు తమ మూడు పవిత్ర మంత్రాలను రహస్యత్రయం అంటారు. ఏ నామానికి దాన్ని తగిలిస్తున్నామన్నదే చూసుకోవాలి.

‘గుప్త సమాజం’లోనూ ఇదే దోషం. గుప్తం, గోప్యం రెండూ ‘గుప్’ అనే రక్షణార్థక ధాతువు నుంచి వచ్చినవే. గుప్తమంటే దాచినది, గోప్యమంటే దాచదగినది. ఆ లెక్కన ‘గోప్య సంస్థ’ అంటే దాచిపెట్టవలసిన సంస్థ! ‘లాడ్జిలో గోప్యత పాటిస్తారు’ అంటే చిక్కులేదు. ఆయువు, విత్తం, మంత్రం, ఔషధం వంటి తొమ్మిదింటిని గోప్యంగా ఉంచుకోమన్న శ్లోకం మనవాళ్లకు కొత్త కాదు. అందులో తప్పుచేసిన భావం లేదు. ‘గుట్టు’ కూడా అంతే. గుట్టుగా కాపురం చేసుకుంటున్నారంటే అది మెచ్చుకోలు. దాని పక్కన ‘రట్టు’ చేరిందంటే మాత్రం నేరం ఉందని ముందే తీర్పు ఇచ్చేసినట్టే. ‘మేసన్ల గుట్టు రట్టు’ అనే శీర్షిక పెట్టేముందు చేతిలో రుజువుండాలి.

ఇక రెండో ప్రశ్న. సందేహం జవాబు కోరుతుంది. అనుమానం సగం జవాబు తానే చెప్పుకుంటుంది. అందుకే జనంలో ఉన్నది అనుమానమే. ఉత్తరాదిలో మేసన్ల భవనాన్ని జాదూఘర్ (మాయల ఇల్లు) అనీ, బొంబాయి వైపు షైతాన్‌ఖానా (సైతాను ఇల్లు) అనీ పిలిచారు. ఇవి భయం పెట్టిన పేర్లు కనుక వాడినప్పుడు ఉద్ధరణ చిహ్నాల్లో ఉంచండి.

రుజువుకూ అనుమానానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో మోర్గన్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. విలియం మోర్గన్ అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బటావియా నివాసి. మేసన్ల తంతు అచ్చు వేయిస్తానని ప్రకటించాక 1826లో అపహరణకు గురయ్యాడు. మళ్లీ కనబడలేదు. ‘మేసన్లు కొందరు అతణ్ణి అపహరించారు’ అన్నది కోర్టులో తేలిన విషయం. ‘చంపారు’ అన్నది అనుమానం. దాన్ని ‘చంపారని జనం అనుమానించారు’ అనే రాయాలి. ‘మేసన్లు హంతకులు’ అనడం కొందరి మీది అనుమానాన్ని సంఘం మొత్తానికి అంటగట్టడం. ఆ అంటగట్టడంలోంచే మేసన్ల వ్యతిరేక పార్టీ పుట్టింది. 1832 అధ్యక్ష ఎన్నికల్లో దాని అభ్యర్థి విలియం వర్ట్ వెర్మాంట్ రాష్ట్రాన్ని గెలుచుకున్నాడు కూడా.

అనువాదకులకు మరొక్క మాట. ‘లాడ్జిలో సమావేశమయ్యారు’ అని రాస్తే తెలుగు పాఠకుడికి బస్టాండు పక్కన అద్దెగదులే తోస్తాయి. మేసన్ల వాడుకలో లాడ్జి ప్రధానంగా సభ్యుల బృందం. మొదటిసారి ‘మేసన్ల లాడ్జి, అంటే స్థానిక శాఖ’ అని విప్పి చెప్పి, తర్వాత ‘శాఖ’ అనండి. సభ్యత్వంలో వాళ్లు ఒక్కొక్కటిగా ఎక్కే మూడు ‘డిగ్రీ’లను పట్టాలనకుండా మెట్లు అనండి.