ముందు వెర్బ్ ఎక్కడుందో చూడు

తమ్ముడూ,

నల్లగొండ బత్తాయి తోటల మీద నువ్వు ఇంగ్లీషులో రాసిన వ్యాసం చదివాను. విషయం మీద నీకు మంచి పట్టుంది. తప్పులు మాత్రం దాదాపు ఒక్కచోటి నుంచే వస్తున్నాయి. ఏది వెర్బో, ఏది అడ్వర్బో తేల్చుకోకముందే వాక్యం కట్టేస్తున్నావు.

పని చెప్పేది వెర్బ్ అని బడిలో నేర్పుతారు. మరి ఈజ్, నో (తెలుసు అనే అర్థంలో), బిలాంగ్ లాంటి వాటిలో పనేముంది? వాక్యాన్ని ఒకసారి రోజూ జరిగేదిగా, ఒకసారి నిన్న జరిగినదిగా చెప్పిచూడు. కాలంతో పాటు రూపం మారేదే వెర్బ్. 'ద ఫార్మర్స్ వాటర్ ద ట్రీస్' నిన్నటికి 'వాటర్డ్' అవుతుంది కాబట్టి అక్కడ వాటర్ వెర్బ్. 'ద వాటర్ కమ్స్ లేట్'లో మారేది కమ్స్, అది కేమ్ అవుతుంది. వాటర్ కదలదు, అక్కడది నౌన్. మాటకు శాశ్వతంగా ఒక ముద్ర వేసుకోకు, ఆ వాక్యంలో అదేం చేస్తోందో చూడు. పుట్, కట్ నిన్నటికీ మారవు. వాటికి 'హీ' కర్తగా పెడితే పుట్స్, కట్స్ అని బయటపడతాయి. 'హీ' పెట్టినా మారని సహాయక వెర్బులు కొన్ని ఉన్నాయి. కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనే ఆ తొమ్మిదింటినీ కంఠస్థం చెయ్యి.

వెర్బ్‌కు 'ఇంగ్' చేర్చిన రూపం ఒక్కటే ఎప్పుడూ వాక్యాన్ని నిలబెట్టదు. 'దే ఆర్ సెల్లింగ్'లో రెండు మాటలూ కలిసి వెర్బ్. 'సెల్లింగ్ ఈజ్ డిఫికల్ట్'లో సెల్లింగ్ నౌన్‌లా కర్త స్థానంలో కూర్చుంది, వెర్బ్ ఈజ్.

'మా ఊరు దేవరకొండ దగ్గర' అంటే తెలుగులో వాక్యం పూర్తయినట్టే. ఇంగ్లీషు ఒప్పుకోదు. 'అవర్ విలేజ్ నియర్ దేవరకొండ' అని నువ్వు ఆపేసిన చోట ఈజ్ ఉండాల్సిందే.

ఇక అడ్వర్బ్. చివర 'లీ' చూసి నమ్మితే మోసపోతావు. కాస్ట్‌లీ, ఫ్రెండ్లీ అడ్జెక్టివ్‌లు. సూన్, ఆల్మోస్ట్‌లకు ఆ తోక లేదు, అయినా అవి అడ్వర్బులే. హార్డ్ దగ్గర మరీ జాగ్రత్త. 'పాలమూరు లేబరర్స్ వర్క్‌డ్ హార్డ్' అంటే కష్టపడ్డారని. 'హార్డ్‌లీ వర్క్‌డ్' అంటే పనే చేయలేదన్నంత. ఊళ్లు వదిలి వెళ్లి ప్రాజెక్టులు కట్టిన మనుషుల గురించి రాసేటప్పుడు అలాంటి పొరపాటు జరగకూడదు.

ప్రతి అనుమానపు మాటనూ ఒకటే అడుగు: నువ్వు ఎవరి గురించి చెబుతున్నావు? నౌన్ గురించైతే అడ్జెక్టివ్. వెర్బ్, అడ్జెక్టివ్, ఇంకో అడ్వర్బ్, లేదా మొత్తం వాక్యం గురించైతే అడ్వర్బ్.

మనవాళ్లు ఎక్కువగా జారేది 'గా' దగ్గర. 'కాయలు తియ్యగా ఉన్నాయి' అనే అలవాటుతో 'ద ఫ్రూట్స్ టేస్ట్ స్వీట్‌లీ' అని రాశావు. ఆ తీపి కాయలది, రుచి చూడటానిది కాదు. కాబట్టి 'టేస్ట్ స్వీట్'. లుక్, స్మెల్, ఫీల్, సీమ్‌లతోనూ ఇదే చిక్కు. వెర్బ్ తీసేసి ఈజ్, ఆర్, వాజ్‌లలో కుదిరేది పెట్టు. 'ద ఫ్రూట్స్ ఆర్ స్వీట్' నిలబడింది కాబట్టి అక్కడ అడ్జెక్టివే కావాలి. 'హీ లుక్‌డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ద లీవ్స్'లో వాజ్ పెడితే వాక్యం చెడుతుంది. అక్కడ లుక్ నిజంగా చూడటమే, అడ్వర్బ్ సరైనదే.

నీ వ్యాసం మొదటి పేజీ తియ్యి. ప్రతి వాక్యంలో వెర్బ్ చుట్టూ ఎర్ర సున్నా చుట్టు. సున్నా లేని వాక్యం దొరికితే ముందు దాన్ని సరిచెయ్యి. తర్వాత 'గా' అనుకుని రాసిన ప్రతి మాట నుంచీ అది చెప్పే మాట దాకా బాణం గియ్యి. బాణం నౌన్‌కి తగిలితే, ఆ మాట ఫ్రెండ్లీ లాంటిది కాకపోతే, 'లీ' తీసెయ్యి. రెండో పేజీ జోలికి అప్పుడే పోకు, ఇది నాకు పంపించు.

మీ అన్న