జటాయువు రెక్క దగ్గర పగుళ్లు: మట్టి కాదు, లోపలి తీగ చూడండి

ఇనప తీగ చట్రం మీద ఎయిర్ డ్రై క్లేతో (కాల్చకుండా గాలికే ఆరే మట్టి) చేసిన మీ జటాయువు బొమ్మ ఎందుకు పగులుతోందని అడిగారు కదా. ఈ మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, లోపలి ఇనప తీగ మాత్రం అలాగే ఉంటుంది. పైగా రెక్క భుజాన్ని కలిసే చోటే పగులుతోందన్నారు. బరువంతా పడేది అక్కడే. తీగ కాస్త ఊగినా మట్టి విడిపోతుంది.

1. రెక్కని మెల్లగా కదిపి చూడండి. ఊగితే ఇంకో తీగ జోడించి మెలిపెట్టండి. అది ఒక రెక్క నుంచి వీపు మీదుగా రెండో రెక్కదాకా ఒకటే ముక్కగా వెళ్లాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: నున్నటి తీగ మీద నేరుగా మట్టి పెట్టకూడదు, దానికి పట్టు దొరకదు. ముందు అల్యూమినియం ఫాయిల్ నలిపి బిగించి చుట్టండి. దాని మీద మాస్కింగ్ టేప్, ఆపైన ఫెవికాల్‌లో ముంచిన న్యూస్‌పేపర్ ముక్కలు. ఒక రోజంతా ఆరనివ్వండి. మట్టి పెట్టే ముందు మళ్లీ పల్చగా ఫెవికాల్ రాయండి. ఆ ఒక్క రోజు ఆగలేక నా మొదటి నెమలి బొమ్మ మెడ మొత్తం రాలిపోయింది.

3. మట్టి అర సెంటీమీటరు మందం చాలు. ఎండలో, ఫ్యాన్ కింద పెట్టొద్దు. పల్చటి ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి నీడలో ఉంచండి.

4. ఇప్పుడున్న పగుళ్లలో అదే మట్టిని నీళ్లు, ఫెవికాల్‌తో ముద్దలా కలిపి నింపండి. (కొండపల్లి బొమ్మల అతుకులకు వాడే మక్కు, అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద, బొమ్మకి చెట్టు బెరడు అతికించే చోట నాకు ఎక్కువ నచ్చుతుంది.)

బొమ్మ మీద అలంకరణకి పెట్టే కోడి ఈకలు, ఎండుటాకులు మట్టి పూర్తిగా ఆరాకే అతికించండి. లోపల తడి ఉంటే బూజు పడుతుంది.