ట్రంపెట్ పార్ట్‌లో పై నోట్లు: ఎంత ఎత్తు రాయొచ్చు, ఎంతసేపు ఉంచొచ్చు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మూడు ట్రంపెట్లతో స్టేజి షోకి ఒక సినిమా పాట అరేంజ్ చేశారు. కంప్యూటర్‌లో వింటే బాగుంది. రిహార్సల్‌లో రెండో చరణం వచ్చేసరికి నోట్లు క్రాక్ అవుతున్నాయి, అంటే పగిలినట్టు పక్క నోటులోకి జారిపోతున్నాయి. హై సి అనే పై నోటు దాటలేదు కదా, మరి ఎందుకిలా అని.

దాటకపోయినా అవుతాయండీ. అన్నిటికన్నా పై నోటు ఏదో చూసి పార్ట్ తేలికా కష్టమా అని చెప్పలేం. ఆ నోటుకి ఎక్కడి నుంచి వస్తున్నారు, అక్కడ ఎంతసేపు ఉంటున్నారు, దానికి ముందు ఎంత విశ్రాంతి దొరికింది, ఈ మూడూ చూడాలి. కంప్యూటర్‌లోని శాంపిల్ ట్రంపెట్‌కి పెదవులు లేవు కాబట్టి ఈ తేడా అక్కడ వినపడదు. మ్యూజ్‌స్కోర్ లాంటి స్వరలిపి సాఫ్ట్‌వేర్లు రేంజ్ దాటిన నోటుకి రంగు మారుస్తాయి గానీ, అదే ఎత్తులో పన్నెండు బార్లు (తాళం గదులు) ఆపకుండా రాస్తే ఏమీ అనవు.

ఇక్కడ నేను చెప్పే నోట్లన్నీ బి ఫ్లాట్ ట్రంపెట్ పార్ట్ మీద కనిపించేవి. వినిపించేది ఒక టోన్ కింద. హై సి అంటే స్టాఫ్ (నోట్లు రాసే ఐదు గీతలు) పైన అదనంగా గీసే చిన్న లెడ్జర్ గీతల్లో రెండోదాని మీది సి. వినిపించేది బి ఫ్లాట్, దాదాపు 932 హెర్ట్జ్. అంటే పెదవులు సెకనుకు అన్నిసార్లు కొట్టుకోవాలి. పైకి వెళ్లేకొద్దీ ఖర్చయ్యే గాలి తగ్గుతుంది, దాని వెనక పెట్టే ఒత్తిడి పెరుగుతుంది. అలసిన మనిషి మౌత్‌పీస్‌ని పెదవికి ఇంకా గట్టిగా అదుముతాడు. దాంతో పెదవికి రక్తం సరిగ్గా అందదు, వాస్తుంది, కదలదు. రెండో చరణంలో మీరు వింటున్నది అదే.

గురి తప్పడానికి ఇంకో కారణం ఉంది. వాల్వులేవీ నొక్కకుండా కింది సి నుంచి ఎక్కితే వరసగా జి, సి, ఇ, జి వస్తాయి. తర్వాత వాడుకలో లేని, శ్రుతి తగ్గిన బి ఫ్లాట్, ఆపైన హై సి, డి, ఇ. కింద రెండు నోట్ల మధ్య చాలా దూరం ఉంటుంది కాబట్టి పెదవి కొంచెం అటూ ఇటూ అయినా నోటు నిలబడుతుంది. హై సి చుట్టుపక్కల ఒక టోన్ దూరంలోనే పక్క నోటు కాచుకుని ఉంటుంది. వేళ్లు సరిగ్గానే ఉన్నా పెదవి వెంట్రుకవాసి తప్పితే పక్కదానిలో పడతారు. ఇంకా పైకి, 1500 హెర్ట్జ్ దాపుల్లోకి వెళితే, బెల్ (వాద్యం చివరి వెడల్పు నోరు) ధ్వనిని లోపలికి తిప్పి పంపడం దాదాపు మానేస్తుంది. అక్కడ వాద్యం నుంచి సాయం ఉండదు, భారమంతా వాయించేవారిదే.

మన పాటలతో వచ్చే అసలు తంటా శ్రుతి దగ్గర. గాయని ఐదున్నర శ్రుతిలో పాడుతున్నారనుకోండి. షడ్జమం జి షార్ప్, అదే ఎ ఫ్లాట్. ట్రంపెట్ పార్ట్ బి ఫ్లాట్ మేజర్‌లో పడుతుంది, వేళ్లకి హాయి. ఆవిడ స్థాయిలోనే వాయిస్తే తారస్థాయి పంచమం స్టాఫ్ పై గీత మీది ఎఫ్, ఇబ్బందేమీ లేదు. కానీ చాలామంది అరేంజర్లు మెరుపు కోసం లైనంతా ఒక స్థాయి పైకి ఎత్తేస్తారు. అప్పుడు తారషడ్జమమే హై సికి ఒక టోన్ కింద ఉంటుంది, ఆ పంచమం హై సి పైన ఎఫ్ అవుతుంది. అది పేరున్న లీడ్ వాద్యకారులకి (అన్నిటికన్నా పై లైను వాయించేవారికి) తప్ప రాయకూడని నోటు. పాట మొత్తం ఎత్తకండి. చరణం చివరి పంక్తి ఒక్కటే ఎత్తండి.

మూడు శ్రుతి అయితే ట్రంపెట్‌కి ఆరు షార్పులు వస్తాయి. పైన వేగంగా నడిచే లైను ఆ స్కేల్‌లో శుభ్రంగా రావడం కష్టం. రెండున్నరకో నాలుగుకో మార్చడానికి గాయకులు ఒప్పుకుంటారేమో ముందే అడగండి. ఒక ఫ్లాట్‌తోనో ఒక షార్ప్‌తోనో పోతుంది.

ఎవరు వాయిస్తారో తెలియకుండా రాస్తుంటే నేను పెట్టుకునే హద్దు స్టాఫ్ నెత్తిన కూర్చునే జి. కాలేజీ బృందమైనా పెళ్లి బ్యాండైనా అక్కడి దాకా నమ్మొచ్చు. దాని పైన ఎ, బి ఫ్లాట్ లీడ్‌కి మాత్రమే, పాటలో రెండు మూడు చోట్ల. హై సి క్లైమాక్స్‌లో ఒకసారి. రికార్డింగుల్లో అనుభవమున్న ప్రొఫెషనల్ అయితే హై సి మామూలే, డి కూడా అప్పుడప్పుడు అడగొచ్చు. అంతకు మించి కావాలంటే వాయించే మనిషితో మాట్లాడి రాయండి, పక్కనే చిన్న నోట్లతో కింది స్థాయి ప్రత్యామ్నాయం కూడా ఇవ్వండి. అది ఉంటే వాయించేవాళ్లకి బెరుకు పోతుంది, చాలాసార్లు పై నోటే వాయిస్తారు.

పై నోటుకి చేరే దారి ముఖ్యం. మెట్టు మెట్టుగా గానీ, సి, ఇ, జి అంటూ కార్డ్ నోట్ల మీదుగా గానీ ఎక్కించండి. పదహారు బార్లు ఖాళీగా కూర్చోబెట్టి, మొదటి నోటే పైన ఎ, అదీ మెల్లగా అంటే క్రాక్ అడిగి తెచ్చుకున్నట్టే. పైన మెల్లగా వాయించడం గట్టిగా వాయించడం కన్నా చాలా కష్టం. మెల్లగానే కావాలంటే ఆ లైను ఫ్లూట్‌కో వయొలిన్‌కో ఇచ్చేయండి. తప్పదంటే, అదే స్వరం ముందు కీబోర్డులో వినిపించేలా చూడండి. పైన పొట్టి పంచ్‌లు తేలిక, దీర్ఘాలు భారం, ఒకే పై నోటు మీద టకటకా కొట్టే పదహారో నోట్లు అన్నిటికన్నా భారం.

విశ్రాంతి విషయంలో నా కొలత: జి పైన గడిపే సమయం ఒక విడతలో ఎనిమిది బార్లకి మించకూడదు, ఆ తర్వాత కనీసం అంతే ఖాళీ. టెంపో 120, నాలుగు బీట్లయితే ఎనిమిది బార్లంటే 16 సెకన్లు. వినడానికి కొంచెమే, పెదవికి చాలా. ప్రింట్ తీసి జి పైన నోట్లున్న బార్లకి రంగు పెన్సిల్ పూయండి. రంగు ఎడతెగకుండా పారుతుంటే కోత వేయాల్సిందే. బాఖ్ 1721లో అంకితమిచ్చిన బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టోల్లో రెండోది ట్రంపెట్ ఎత్తుకి పేరుమోసింది. అందులోనూ నెమ్మదిగా సాగే మధ్య భాగంలో ట్రంపెట్ మౌనంగా ఉంటుంది. దాన్ని ఇప్పుడు ఎక్కువగా పికలో ట్రంపెట్ మీద వాయిస్తారు. గొట్టం సగం పొడవు కావడంతో గురి కుదురుతుంది, అంతే. పెదవి కొట్టుకోవాల్సిన వేగం మారదు. హై సి రానివారికి పికలో ఇచ్చినా రాదు.

ఎత్తుగా వినిపించడానికి ఎత్తు నోటే అక్కర్లేదు. ట్రంపెట్ గట్టిగా ఊదితే గొట్టంలోనే తరంగం పదునెక్కి పై హార్మోనిక్స్ (అసలు స్వరం పైన కలిసి మోగే ఉపస్వరాలు) పుట్టుకొస్తాయి. అందుకే ఫోర్టేలో వాయించిన జి, ఎ వినేవాళ్లకి ఆకాశంలో ఉన్నట్టే ఉంటాయి. మూడు ట్రంపెట్లనీ సి కార్డ్‌లో ఇరికించి హై సి, జి, ఇ అని రాస్తే రెండో వ్యక్తి కూడా లీడ్‌తో పాటు అలసిపోతారు. హై సి, దాని కింద ఇ, అన్నిటికన్నా కింద లీడ్‌కి సరిగ్గా ఒక స్థాయి దిగువ సి రాయండి. జి శాక్సఫోన్‌కో ట్రాంబోన్‌కో వదిలేయండి. కింది సి ఆనుకుని ఉంటే లీడ్‌కి శ్రుతి దొరుకుతుంది, తక్కువ ఊదినా శబ్దం పెద్దదిగా వస్తుంది.

గమకాల సంగతి విచిత్రం. పైన నోట్లు దగ్గరగా ఉండటం వల్ల పెదవితో ఊపే షేక్ అక్కడే బాగా పలుకుతుంది. కింద దూరం ఎక్కువ, ఊపితే గంతుల్లా ఉంటుంది.

మ్యూట్ (శబ్దం మార్చడానికి బెల్‌లో పెట్టే బిరడా) పెట్టుకోవడానికి 120 టెంపోలో రెండు బార్లు మరీ తక్కువ, నాలుగు ఇవ్వండి. హార్మన్ మ్యూట్‌తో శ్రుతి పైకి జరుగుతుంది, గాలికి అడ్డూ పెరుగుతుంది, కాబట్టి ఆ భాగాల్లో జి దాటకండి.

రిహార్సల్‌లో లీడ్ పై నోట్లని ఒక స్థాయి కింద వాయిస్తే ఆపకండి, షో కోసం పెదవి దాచుకుంటున్నారు. రికార్డింగ్ అయితే వార్మప్ కాగానే పై భాగాలు ముందు తీయండి, కింది లైన్లు ఆ తర్వాత. హై సి ఉన్న ముక్క మూడు టేకుల్లో రాకపోతే నాలుగోదానికి పట్టుబట్టకుండా పదిహేను నిమిషాలు వేరే వాద్యం పని చూసుకోండి.